ధీరనాయకుని నుండి అధీరనాయకుని వరకు: తెలుగు నవలలో పాత్రల మనోవిశ్వసనీయత

కథలోని పాత్ర కల్పితమని పాఠకుడెరుగును. ఎరిగియు దాని దుఃఖమునకు దుఃఖించును; దాని పిరికితనమునకు తాను సిగ్గుపడును; అది చేయబోవు తప్పును ముందుగనే పసిగట్టి, చేయకున్న బాగుండునని లోలోపల కోరుకొనును. లేని వ్యక్తియందు ఇంతటి నమ్మకమెట్లు కలుగుచున్నది? ఎట్టి పాత్రయందు కలుగును, ఎట్టి పాత్రయందు కలుగదు? నవలా విమర్శలో ఈ ప్రశ్న మాటిమాటికి తలయెత్తుచునే యున్నది.

తెలుగు నవలకు సంబంధించినంతవరకు దీనికి సాధారణముగా వినవచ్చు సమాధానమొకటి కలదు. పాశ్చాత్య మనశ్శాస్త్రము మన దేశమునకు వచ్చినది. ఫ్రాయిడ్ మొదలగువారి సిద్ధాంతములను మన రచయితలు చదివిరి. అప్పటినుండి తెలుగు నవలలో పాత్రలకు మనస్సు ఏర్పడినది అని. ఈ సమాధానమున కొంత సత్యము లేకపోలేదు. కాని అది విషయము యొక్క పైపొరను మాత్రమే చూపుచున్నది. మనశ్శాస్త్ర పరిభాష తెలిసినంతమాత్రమున పాత్రకు ప్రాణము వచ్చునేని, ఆ శాస్త్రమును చదివిన ప్రతివాడును నవలాకారుడు కావలసి యుండును. తెలుగు నవలలో పాత్రలు నమ్మదగినవగుటకు అసలు కారణము, రచయిత తాను కూర్చున్న తీర్పరి పీఠమునుండి క్రమక్రమముగా దిగివచ్చుట. ధీరుడు కాని మానవుడు నాయకస్థానమును పొందుట ఆ మార్పునకు గుర్తు. ఈ రెండంశములను చరిత్రక్రమమున నిరూపించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా మన అలంకారశాస్త్రము ఈ విషయమున ఏమి చెప్పినదో చూడవలెను. భరతుడు నాట్యశాస్త్రమున 49 భావములను లెక్కించెను. అందు స్థాయిభావములు 8, వ్యభిచారిభావములు 33, సాత్త్వికభావములు 8. మనస్సులోని భావము కంటికి కనబడునది కాదు. దానికి కారణమైనది విభావము. దానికి బాహ్యచిహ్నమైనది అనుభావము. చెమటను, వణుకును, స్వరభంగమును చూచి ప్రేక్షకుడు భయమును గ్రహించును. ‘నేను భయపడుచున్నాను’ అని నటుడు ప్రకటించినంతమాత్రమున రసము పుట్టదు. ఈ సూక్ష్మమును 11వ శతాబ్ది వాడైన మమ్మటుడు కావ్యప్రకాశమున మరింత స్పష్టపరచెను. వ్యభిచారి, రస, స్థాయిభావములను వాని వాని పేళ్లతోనే చెప్పుట రసదోషములలో ఒకటియని ఆయన నిర్ణయము. దీనినే స్వశబ్దవాచ్యత యందురు. కవి పాత్ర మనస్సునకు పేరు పెట్టరాదు. ఆ పేరు పాఠకుని మనస్సున దానంతట అది పుట్టవలెను. పాత్రల విశ్వసనీయతను గూర్చి ఆధునిక విమర్శ చెప్పు మాటలలో ముఖ్యమైనదియు ఇదియే.

ఇట్లు మనస్సును చూపు పద్ధతి మన పూర్వులకు తెలియనిది కాదు. కాని ఎవరి మనస్సును చూపవలెనను విషయమున వారికొక కట్టుబాటు ఉండెను. 10వ శతాబ్దికి చెందిన ధనంజయుని దశరూపకమున నాయకులు నాలుగు విధములు: ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు. నాలుగింటికిని ముందున్న పదము ఒక్కటే. ధీరత్వము లేనివానికి నాయకస్థానము లేదు. ఇక భయము స్త్రీలకును, నీచప్రకృతి గలవారికిని సహజమని భరతుడు చెప్పియే యున్నాడు. కనుక వణకుచున్న మనుష్యుడు హాస్యమునకు విషయము కావచ్చును, ప్రధానకథకు వెలుపల ఉండవచ్చును. కావ్యమునకు కేంద్రము కాజాలడు.

ఈ కట్టుబాటువలన ఒక విచిత్రమైన ఫలితము కలిగినది. మన ప్రబంధములలో మనకు మిక్కిలి నమ్మదగినట్లు తోచు మనుష్యులు తరచుగా నాయకులు కారు. ఉపాఖ్యానములలోని వారు, అంచులలోని వారు. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యములోని నిగమశర్మ అక్క దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆమెకు కవి పేరైనను పెట్టలేదు. చెడిపోయిన తమ్మునికి బుద్ధి చెప్పవలెనని పిల్లలతో పుట్టింటికి వచ్చినది. హితము చెప్పినది, అతడు మారెనని సంతోషించినది. అతడు ఇంటిలోని సొమ్ముతోపాటు ఆమె ముక్కరను గూడ అపహరించి పోగా, ఆమె ఆ ముక్కర కొరకు విలపించినది. తమ్ముని పతనము కంటె ముక్కర ఎక్కువా యని ఎవడైన అడుగవచ్చును. కాని ఇంటిలో దొంగతనము జరిగిన మరునాటి ఉదయమున మనస్సు పెద్ద నష్టమును తాకలేక, చేతికి అందు చిన్న నష్టమును పట్టుకొని ఏడ్చును. ఈ విషయమును కవి వివరింపలేదు, ఆమెను తప్పుపట్టలేదు, సమర్థింపలేదు. అందువలననే ఆమె పేరు లేకయు నిలిచినది. మనోవిశ్వసనీయత పాశ్చాత్యమునుండి దిగుమతియైన సరుకు కాదనుటకు ఈ ఒక్క పాత్ర చాలును. కొరతయైనది దృష్టి కాదు. ఆ దృష్టిని ప్రధానపాత్రపై నిలుపుటకు అనుమతి.

నవల వచ్చిన తొలిదినములలో ఈ అనుమతి లభింపలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధనిలో ప్రకటితమై, 1880లో గ్రంథరూపము దాల్చినది. గోల్డ్‌స్మిత్ రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దీనికి ప్రేరణ. ధవళేశ్వరమున సంపన్నుడైన రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగి, బంగారము చేయుదునన్న బైరాగిని నమ్మి, సమస్తము పోగొట్టుకొనును. బుద్ధిమంతుడైన గృహస్థు మోసగానిని ఎట్లు నమ్మెను? ఆ నమ్మకము ఏ లోటునుండి, ఏ ఆశనుండి పుట్టెను? ఇచ్చట ఒక మనస్సు తెరచుకొనుటకు అవకాశము కలదు. కాని పంతులుగారి దృష్టి ఆ వైపునకు పోలేదు. మూఢవిశ్వాసము అనర్థహేతువని నిరూపించుటయే ఆయనకు కావలసినది. పాత్ర ఒక దృష్టాంతము, రచయిత న్యాయాధిపతి, పాఠకుడు తీర్పు వినవచ్చినవాడు. సంఘసంస్కారమునకు ఆ నాడు అట్టి కంఠమే అవసరమై యుండెను గనుక దీనిని దోషముగ నెంచుట న్యాయము కాదు. కాని రాజశేఖరుని అవివేకము మనకు తెలియును. రాజశేఖరుడు మనకు తెలియడు.

తీర్పరి పీఠము మొదట కదలినది నవలలో కాదు, నాటకములో. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో పెంపొందిన రూపమున వెలువడినది. నాటకమున రచయితకు మాటాడు చోటులేదు. గిరీశము ఎట్టివాడో చెప్పు బాధ్యత గిరీశముపైననే పడినది. అతడు అబద్ధమాడునపుడు ఆ అబద్ధమును తానే సగము నమ్ముచున్నట్లు మనకు తోచును. ఆ సగము నమ్మకములో అతని మనస్సంతయు కలదు. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ‘దిద్దుబాటు’ కథయందు ఈ లాభమును గురజాడవారు వచనమునకు తెచ్చిరి. భార్య విడిచిపోయినదనుకొన్న గోపాలరావు కోపమునుండి పశ్చాత్తాపమునకు, పశ్చాత్తాపమునుండి భయమునకు క్షణక్షణము మారుచుండును. భరతుడు చెప్పిన వ్యభిచారిభావముల సంచారమే ఇది. అయితే ఇచ్చట సంచరించుచున్నది ధీరుని మనస్సు కాదు. సానియింటి పాటకచేరికి మరిగి, ఇంటికి ఆలస్యముగ వచ్చిన సామాన్యుడైన చదువరి మనస్సు.

అటుపిమ్మట 1920వ దశకము చివర చలముగారి ‘మైదానము’ మరొక త్రోవ త్రొక్కినది. రాజేశ్వరి తన కథను తానే చెప్పుకొన్నది. లోకము ఆమెపై ఇచ్చు తీర్పునకు ముందే ఆమె వాదము మన చెవిని బడును. ఆత్మకథన పద్ధతిలో ఒక లాభమును, ఒక చిక్కును గలవు. చెప్పువారు తమ్ము తాము సమర్థించుకొందురు. ఆ సమర్థనలోని బీటలను పాఠకుడు తానే వెదకుకొనవలెను. చలముగారి కంఠమును రాజేశ్వరి కంఠమును ఒకటిగ విని కొందరు ఆగ్రహించిరి, కొందరు ఆరాధించిరి. ఇరువురును పాత్రను విడిచి రచయితతో వాదించినవారే. ఐనను ఒక స్త్రీ తన కోరికకు తానే సాక్షియై నిలుచుట తెలుగు వచనమున చిన్న సంఘటనము కాదు.

ధీరనాయకుడు మాత్రము అంత సులభముగ తొలగిపోలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్న రెండు నవలలు విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’. ధర్మారావును నారాయణరావును మార్గములు వేరైనను ఆదర్శపురుషులే. ఆ నవలల గొప్పతనము వేరు చోట్ల కలదు. నాయకుడు తన దృష్టిలో తానే చిన్నబోవు నవల మరి పది సంవత్సరములకు గాని రాలేదు.

ఈ నడుమ మనశ్శాస్త్రము వచ్చిన మాట నిజము. విలియం జేమ్స్ చైతన్యమును ప్రవాహముతో పోల్చిన గ్రంథము 1890లో వెలువడినది. ఫ్రాయిడ్ స్వప్నములను గూర్చి రచించిన గ్రంథముపై ముద్రితమైన సంవత్సరము 1900. 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. జేమ్స్ జాయిస్ ‘యులిసెస్’ వెలువడినదియు ఆ సంవత్సరమే. మన రచయితలు వీనిని ఎరుగుదురు. కాని ఎరుక వారి చేతికి ఏమి ఇచ్చినది? నా అభిప్రాయమున, అది పనిముట్టు కంటె మిన్నయైన ధైర్యమును ఇచ్చినది. దుర్బలుని మనస్సు కూడ పరిశీలనార్హమని ఒక శాస్త్రము ప్రకటించినపుడు, అది నవలార్హము కూడ అని చెప్పుటకు రచయితకు అండ దొరకినది.

ఆ ధైర్యమునకు తొలి ఫలము త్రిపురనేని గోపీచంద్ 1945-47 సంవత్సరముల నడుమ వెలయించిన ‘అసమర్థుని జీవయాత్ర’. తెలుగున తొలి మనోవైజ్ఞానిక నవలయని దీనికి ప్రశస్తి. సీతారామారావునకు తండ్రి విడిచిపోయినవి ఆస్తియు, వంశప్రతిష్ఠను నిలుపుమన్న మాటయు. ఆస్తి కరగిపోయినది, మాట మిగిలినది. ఆ మాటకు తగినంత ఎత్తు తనకు లేదను ఎరుక అతనిని లోపలనుండి తొలిచివేసినది. ఈ నవలలో నమ్మదగినది అతని పరాజయము కాదు. పరాజయములు లోకమున కొల్లలు. ప్రతి పరాజయమునకును అతడొక సిద్ధాంతమును కల్పించుకొనుట నమ్మదగినది. పని చేయలేనివాడు పని యొక్క నిరర్థకతను నిరూపించును. ప్రేమించి పెండ్లాడిన ఇందిరను హింసించుచు, లోకము తన్ను హింసించుచున్నదని తలచును. అతడు తనకు తాను చెప్పుకొను అబద్ధము అతనికి కనబడదు, మనకు కనబడును. ఆ రెంటి నడుమనున్న దూరమే పాత్ర యొక్క లోతు.

ఈ నవలకు లోపము కూడ లేకపోలేదు. రామయ్యతాతతో జరుగు చర్చలలో రోగము, దాని కారణము, దాని చికిత్స ముమ్మూర్తుల వివరింపబడినవి. అచ్చట మమ్మటుడు చెప్పిన స్వశబ్దవాచ్యతా దోషము క్రొత్త వేషమున కనబడును: భావమునకు బదులు మనస్తత్వ సిద్ధాంతము తన పేరు తాను చెప్పుకొనును. కాని శ్మశానమున ఆత్మవినాశముతో ముగియు చివరి ఘట్టమున ఈ వివరణములన్నియు వెనుకబడిపోవును. నవల పేరు ‘అసమర్థుడు’ అని ముందే తీర్పు చెప్పినది. నవల ఆ తీర్పును తిరిగి విచారణకు పెట్టినది. పుస్తకము మూసిన పాఠకునికి ఆ మాటను ఉచ్చరించుట మునుపటివలె తేలిక కాదు.

బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ మొదట ‘ఏకాంతం’ అను పేర పత్రికలో ధారావాహికముగా వచ్చి, 1952లో గ్రంథమైనది. దయానిధి చదువుకొన్నవాడు, వైద్యుడు. లోకదృష్టిలో అసమర్థుడు కాడు. కాని అతని తల్లిపై లోకము మోపిన అపవాదము అతనికి ముందుగ నడచి ప్రతి గడపను చేరును. అపవాదము ఎంతవరకు సత్యమను విచారణ నవలకు ప్రధానము కాదు. దాని నీడ ప్రధానము. అమృతము, కోమలి, ఇందిర — వీరిలో ఎవరిని చూచినను అతడు నిండుగ చూడలేడు. ఆ నీడ అడ్డువచ్చును. కొందరు విమర్శకులు దీనిని ఫ్రాయిడ్ చెప్పిన ఈడిపస్ భావనతో ముడిపెట్టిరి. అట్లు పేరు పెట్టినంతనే దయానిధి మనకు అర్థమైనట్లు భ్రమ కలుగును. నిజమునకు మన ఊళ్లలో తల్లిని గూర్చి నలుగురు గుసగుసలాడుట ఎరిగిన కుమారునికి ఆ సిద్ధాంతముతో పనిలేదు. గోపీచంద్ నాయకుడు తన్ను గూర్చి వాదించును. బుచ్చిబాబు నాయకుడు తన్ను గూర్చి ఆలోచించును. రచయిత వాదిగ గాక, సహచరుడుగ వెంట నడచినాడు. ఇది రెండవ మెట్టు.

మూడవ మెట్టు రాచకొండ విశ్వనాథశాస్త్రిగారిది. 1950వ దశకము పూర్వార్ధమున వెలువడిన ‘అల్పజీవి’లోని సుబ్బయ్య చిన్న గుమాస్తా. భార్య సోదరుడు వెంకట్రావు అనిన భయము. అతని ఒత్తిడిపై కంట్రాక్టరు గవరయ్య వద్ద అప్పు తెచ్చినపిమ్మట గవరయ్య అనిన అంతకంటె భయము. శాస్త్రిగారు ఈ భయమును వర్ణింపలేదు. దానియందే నిలిచి లోకమును చూచిరి. చైతన్యస్రవంతి అని మనము పేరిడిన ఈ పద్ధతిలో ఎదుటివాని ఆకారము చూచువాని భయమును బట్టి పెరుగును. స్వేదము, కంపము, స్వరభంగము అని భరతుడు లెక్కించిన సాత్త్వికభావములకు ఇంతకంటె చక్కని ఉదాహరణము వచనమున దొరకుట కష్టము. నీచప్రకృతికి చెందినదని శాస్త్రము పక్కకు నెట్టిన భయము ఇచ్చట నవలకు స్థాయిభావమైనది. సుబ్బయ్యను చూచి నవ్వవలెనని మొదలుపెట్టిన పాఠకుడు, కార్యాలయమున పై అధికారి ఎదుట నిలిచిన తన రూపమును జ్ఞాపకము తెచ్చుకొని, నవ్వు మానుకొనును. 1969లో వెలువడిన నవీన్ ‘అంపశయ్య’ ఈ పద్ధతిని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు తెచ్చి, రవి అను విద్యార్థి జీవితమున ఒక్క దినమును నవలగా పరచినది. అచ్చట రచయిత కంఠము దాదాపు వినబడదు. విద్యార్థి ఆలోచనలోని ఆంగ్లపదములు, రూకల చింత, సిగ్గు ఏ వరుసన వచ్చినవో ఆ వరుసననే నిలిచినవి.

ఈ చరిత్రలో ఒక లోటు స్పష్టము. అధీరునకు నాయకస్థానము లభించినను, అతని ఇంటిలోని స్త్రీకి ఆ స్థానము లభింపలేదు. సీతారామారావు దెబ్బలు తిన్న ఇందిర ఏమనుకొన్నది? సుబ్బయ్య భయమునకును అన్న అధికారమునకును నడుమ నలిగిన సావిత్రి రాత్రులందు ఏమి తలచినది? మనము వారిని పురుషుల మనస్సులలోని ప్రతిబింబములుగనే ఎరుగుదుము. ఈ లోటును తీర్చుటకు పూనుకొన్నవారిలో అబ్బూరి ఛాయాదేవిగారు (1933–2019) ముఖ్యులు. ఆమె ‘సుఖాంతం’ కథలోని స్త్రీ కోరునది నిద్ర మాత్రమే. బాల్యమునుండి ఎవరో ఒకరు ఆమెను లేపుచునే యుందురు. విషాదము, అణచివేత అను పెద్దమాటలు అవసరము కాలేదు. నిద్రకొరకు ఆమె చేసిన తుది ప్రయత్నము వద్దకు వచ్చునప్పటికి పాఠకుడు ఒక జీవితము యొక్క బరువంతయు మోయుచుండును. వీరేశలింగముగారు ఉపన్యాసమున చెప్పిన దానిని ఈ కథ ఒక ఆవులింతతో చెప్పినది.

తరగతిలో ఈ నవలలను బోధించునపుడు విద్యార్థులు వేయు ప్రశ్న ఒకటి కలదు. రచయిత తీర్పు మానుకొనినచో మంచిచెడ్డల విచక్షణ ఏమి కావలెను? భార్యను కొట్టువానిని అర్థము చేసికొనుట అతనిని క్షమించుట కాదా? ఈ ప్రశ్నను తేలికగ తీసివేయరాదు. నా సమాధానమిది. రచయిత తీర్పు మానుకొనినపుడు తీర్పు నశింపదు. అది పాఠకునికి సంక్రమించును. సీతారామారావు సమర్థనలను అతని తలలోనే కూర్చుండి విన్నవాడు, అట్టి సమర్థన తన నోట వచ్చినపుడు దానిని గుర్తుపట్టగలడు. బయటనుండి ఖండించినవానికి ఆ గుర్తింపు దుర్లభము. అతనికి హింసించువాడు ఎప్పుడును వేరొకడే. కాని దీనికొక నియమము కలదు. పాత్ర తన్ను తాను మోసగించుకొనవచ్చును. రచయిత పాత్రతోపాటు మోసపోరాదు. ఇందిర దెబ్బ నిజముగ తగిలినట్లు పాఠకునికి తెలియవలెను. ఆ నొప్పిని మరుగుపరచిన నవలలో ఎంతటి మనోవిశ్లేషణము ఉన్నను అది పక్షపాతమే యగును.

కాబట్టి ఒక నవలను మనోవైజ్ఞానికమని వర్గీకరించునపుడు, అందు స్వప్నములు కలవా, అంతర్వాహినిగ సాగు వాక్యములు కలవా యని లెక్కించుట చాలదు. మూడు విషయములను పరిశీలింపవలెను. పాత్ర చర్యకు కారణము దాని గత జీవితమున కలదా. లోపలి భావము పేరుతో గాక చిహ్నముతో తెలియుచున్నదా. పాత్ర తన్ను గూర్చి ఎరిగిన దానికంటె పాఠకుడు దానిని గూర్చి ఎక్కువ ఎరుగుచున్నాడా. మొదటి రెండును విభావానుభావములని మన శాస్త్రము ఎన్నడో చెప్పినవే. మూడవది నవల మనకు క్రొత్తగ నేర్పినది. ఈ కొలతతో చూచినచో పేరులేని నిగమశర్మ అక్క, నిద్రలేని ఛాయాదేవిగారి స్త్రీ ఒకే వంశమువారని తెలియును. వారి నడుమ గడచిన శతాబ్దములలో మన కథాసాహిత్యము సాధించినది, అంచున నిలిచి ఏడ్చినవారిని పిలిచి నడుమ కూర్చుండబెట్టుట.